తెరమీదికి రాని సన్నివేశాలు
(సినిమా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నా ముందు మాట్లాడినవారు పాత పాటల గురించి చెప్పి అందరినీ హాయిగా ఊరికి తీసుకెళ్ళారు. నేను మళ్ళీ అమెరికాకి లాక్కొస్తున్నాను, ఏమీ అనుకోకండి. నేను చెప్పబోయేది మనం చూసిన సన్నివేశాల గురించి కాదు. కోట్లు ఖర్చుపెట్టి తీసి, చివరి నిమిషంలో మన కంట పడకుండా ఆపేసిన సన్నివేశాల గురించి. ఇవి సెన్సారు వాళ్ళు కోసినవి కావు. బయట ఏదో ఘోరం జరిగింది, దాంతో తీసినవాళ్ళే కత్తెర పట్టుకున్నారు.

ఇలాంటివి ఎక్కువగా జరిగింది 2001 సెప్టెంబరు 11 తర్వాత. ఆ వేసవిలో 'స్పైడర్‌మ్యాన్' ట్రైలర్ ఒకటి హాళ్ళలో ఆడింది. బ్యాంకు దోచుకున్న దొంగలు హెలికాప్టర్‌లో పారిపోతుంటే, ట్విన్ టవర్స్ మధ్య అల్లిన సాలెగూడులో అది ఈగలా చిక్కుకుంటుంది. దాడి జరగగానే సోనీ వాళ్ళు ఆ ట్రైలర్ వెనక్కి తీసుకున్నారు. స్పైడర్‌మ్యాన్ కళ్ళలో ఆ టవర్లు ప్రతిబింబించే పోస్టరు కూడా తీసేశారు. 'మెన్ ఇన్ బ్లాక్' రెండో భాగం పతాక సన్నివేశం వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర అనుకున్నది, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గరికి మారింది. ష్వార్జ్‌నెగర్ 'కొల్లేటరల్ డ్యామేజ్' అక్టోబరులో రావలసింది, 2002 ఫిబ్రవరికి వెళ్ళింది. అందులో విమానం హైజాక్ చేసే సన్నివేశం ఎగిరిపోయింది.

వీటన్నిటిలో నాకు వృత్తిరీత్యా ఆసక్తి కలిగించినది పిల్లల సినిమా, డిస్నీ వారి 'లీలో అండ్ స్టిచ్'. చివర్లో స్టిచ్ బృందం ఒక బోయింగ్ 747 విమానాన్ని ఎత్తుకుపోయి, ఊళ్ళో ఎత్తయిన భవనాల మధ్యనుంచి, వాటిని రాసుకుంటూ నడుపుతారు. పిల్లలు పడీ పడీ నవ్వాలని చేసిన సన్నివేశం. సెప్టెంబరు 11 తర్వాత దాన్ని చూసి ఎవరు నవ్వుతారు? అలాగని మొత్తం పారేస్తే కథకి ముగింపే లేదు. ఏం చేశారంటే, విమానం బొమ్మ స్థానంలో అంతరిక్ష నౌక బొమ్మ పెట్టారు, భవనాల స్థానంలో కొండలు పెట్టారు. లోపలి కదలిక, ఆ మలుపులు చాలామటుకు పాతవే. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ అదే, స్క్రీన్ మార్చారు! 2002 జూన్‌లో సినిమా వచ్చింది, ఎవరికీ అనుమానం రాలేదు. కానీ జాగ్రత్తగా చూడండి, ఆ అంతరిక్ష నౌకకి అచ్చం జెట్ విమానానికుండే ఇంజన్లే ఉంటాయి. పాత సన్నివేశాన్ని తర్వాత డీవీడీలో చూపించారు. ఇప్పుడు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. తీసెయ్యడం నూటికి నూరుపాళ్ళూ న్యాయం.

ఇదే ఏడాది అక్టోబరులో వాషింగ్టన్ చుట్టుపక్కల చాటునుంచి కాల్పులు మొదలయ్యాయి. మేరీలాండ్, వర్జీనియా వాళ్ళు ఈ హాల్లో చాలామంది కనబడుతున్నారు. కారు చాటున వంగి కూర్చుని గ్యాసు కొట్టించుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. చాటునుంచి తుపాకి గురిపెట్టినవాడి కథ 'ఫోన్ బూత్' నవంబరులో రావలసింది, 2003 ఏప్రిల్‌కి వాయిదా వేశారు. దాన్నీ ఎవరం తప్పుపట్టం.

ఇక 2012 జులై 20. కొలరాడోలో అరోరా అనే ఊళ్ళో 'ది డార్క్ నైట్ రైజెస్' అర్ధరాత్రి ఆటలో ఒకడు కాల్పులు జరిపాడు. 12 మంది చనిపోయారు. ఆ సినిమా తీసిన వార్నర్ బ్రదర్స్ వారిదే 'గ్యాంగ్‌స్టర్ స్క్వాడ్' అని మరో సినిమా అప్పటికి సిద్ధంగా ఉంది. అందులో ముఠావాళ్ళు సినిమా తెర వెనకనుంచి, తెర చీల్చుకుంటూ ప్రేక్షకుల మీద కాలుస్తారు. ఆ తునక ట్రైలర్లో కూడా ఉంది. ట్రైలర్ ఆపారు, సెప్టెంబరు విడుదల ఆపారు, నటీనటుల్ని మళ్ళీ పిలిచి ఆ పోరాటాన్ని చైనాటౌన్ వీధిలో కొత్తగా తీశారు. 2013 జనవరిలో సినిమా వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మామూలుగా తెరమీద ఎవడు ఎవణ్ణి కాల్చినా మనం చీకట్లో భద్రంగా కూర్చుని చూస్తాం. ఈ సన్నివేశంలో తుపాకి తిరిగింది మన కుర్చీ వైపే. అరోరా తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోగలరు?

ఇంతవరకూ నాకు పేచీ లేదు. నా పేచీ ఇంకో రకం కత్తెరతో.

2001 సెప్టెంబరు 28న, అంటే దాడి జరిగిన పదిహేడు రోజులకి, 'జూలాండర్' అనే హాస్య చిత్రం వచ్చింది. న్యూయార్క్ దృశ్యాల్లో కనబడాల్సిన ట్విన్ టవర్స్‌ని కంప్యూటర్‌తో తుడిచేశారు. మరో వారానికి వచ్చిన ప్రేమకథ 'సెరెండిపిటీ'లోనూ అదే పని చేశారు. నవ్వే చోట ఆ టవర్లు కనబడితే జనం నవ్వు ఆగిపోతుందని వాళ్ళ వాదన. నాకది మింగుడుపడలేదు. ఆ టవర్లు ఎవరినీ బాధపెట్టే పనేమీ చెయ్యడం లేదు, వెనకాల ఊరికే నిలబడి ఉన్నాయి. అప్పటి న్యూజెర్సీ, న్యూయార్క్ మిత్రులకి తెలుసు, సబ్‌వే మెట్లెక్కి బయటికొచ్చి దిక్కు తెలియకపోతే మనం తలెత్తి వెతికింది వాటినే. టవర్లు ఉన్నవైపు దక్షిణం. అప్పుడే కూలిపోయినవాటిని బొమ్మలో కూడా లేకుండా చెయ్యడం ఏ మర్యాద?

మనవాళ్ళ ఇళ్ళలో పద్ధతి చూడండి. పెద్దవాళ్ళు పోతే ఆ ఏడాది పండగ చేసుకోం. ఉగాది వచ్చినా దసరా వచ్చినా గుమ్మానికి మావిడాకులుండవు. పలకరించడానికి వెళ్ళినవాడు ఎంత హాస్యగాడైనా నోరు కట్టుకుంటాడు. కానీ పోయినవారి ఫొటో గోడమీంచి తీసి అటకమీద పెడతామా? సరైన ఫొటో లేకపోతే ఏ పెళ్ళి గ్రూపు ఫొటోలోంచో మొహం వెతికి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి దండ వేస్తాం. సన్నివేశం ఆపినవాళ్ళు పండగ మానుకున్నారు. టవర్లు తుడిచినవాళ్ళు ఫొటో తీసేశారు. రెండింటికీ ఆంగ్ల పత్రికల్లో ఒకే మాట వాడుతుంటారు, సున్నితత్వం అని. నా లెక్కలో రెండూ ఒకటి కావు.

ఫొటో తియ్యనివాళ్ళు కూడా ఉన్నారు. మార్టిన్ స్కోర్సేసే 'గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్' దాడికి ముందే చిత్రీకరించారు, 2002 డిసెంబరులో వచ్చింది. చివర్లో సమాధుల వెనక నది అవతల నగరం మెల్లమెల్లగా పెరుగుతుంది. ఆఖరికి ట్విన్ టవర్స్ లేస్తాయి, సినిమా అయిపోతుంది. వాటిని ఆయన అలాగే ఉంచేశాడు.

నిర్వాహకులు చిట్టీ పంపించారు, రెండు నిమిషాలే ఉన్నాయట. భోజనాల దగ్గర వరస కూడా పెరుగుతోందనుకుంటాను.

అదే నెలలో స్పైక్ లీ తీసిన '25త్ అవర్' వచ్చింది. మర్నాడు జైలుకి వెళ్ళబోయే ఒక కుర్రవాడి ఆఖరి రోజు కథ. దాడికీ ఆ కథకీ నేరుగా సంబంధమే లేదు. అయినా పేర్లు పడుతున్నంతసేపూ, టవర్లుండే చోటు దగ్గరనుంచి ఆకాశంలోకి నిలబెట్టిన రెండు వెలుగు స్తంభాలనే చూపించాడు. తర్వాత ఒకచోట ఇద్దరు స్నేహితులు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటారు. కింద ఆ శిథిలాల స్థలం, అందులో యంత్రాలు పనిచేస్తుంటాయి. కెమెరా అక్కణ్ణించి చాలాసేపు కదలదు. ఎవరైనా చూడకపోతే వెతికి చూడండి. పిల్లలు నిద్రపోయాక పెట్టుకోండి, అందులో తిట్లు కాస్త ఎక్కువ.