శాసనమండలి ఓటు ఎవరి చేతిలో ఉంది?

(తాడ్వాయిలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే ఇంటి పనులు ముగించుకుని, బీడీల చాట పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. తాడ్వాయికి పోతున్నానంటే హైదరాబాదులో మిత్రులు మేడారం పక్కన ఉన్న తాడ్వాయి అనుకున్నారు. కాదు, కామారెడ్డి తాడ్వాయి అని చెప్పాను. ఏం మాట్లాడతావని అడిగితే శాసనమండలి ఎన్నికల గురించి అన్నాను. అప్పుడు నవ్వారు. కూలి రేట్లున్నాయి, తాగుడుంది, ఇంట్లో దెబ్బలున్నాయి, ఇవన్నీ వదిలి ఆ పెద్దల సభ గొడవ ఎందుకన్నారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. కాబట్టి ఎందుకో ముందు చెప్పాలి.

ఈ మాటలోనే ఉంది చూడండి, పెద్దల సభ అని. మన ఊళ్లలో పెద్దమనుషులంటే ఎవరు? చావడి దగ్గర పంచాయితీ తీర్పు చెప్పే మగవాళ్లు. ఆడదాన్ని పెద్దమనిషి అనేది బతుకులో ఒక్కసారే, పన్నెండు పదమూడేళ్లప్పుడు. అది కూడా ఆమె మాటకు గౌరవం ఇవ్వడానికి కాదు, ఆ రోజు నుంచి ఆమె తిరుగుళ్లు మాన్పించడానికి. మండలికి ఈ పేరు పెట్టినవాళ్లు ఇదంతా ఆలోచించి పెట్టి ఉండరు. కానీ ఆ సభ ఎలా ఏర్పడుతుందో చూస్తే పేరు బాగా అతికినట్టే అనిపిస్తుంది.

తెలంగాణ శాసనమండలిలో 40 స్థానాలు. అందులో 14 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 14 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు, ముగ్గురిని డిగ్రీ చదివినవాళ్లు, ముగ్గురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. ఆరుగురిని గవర్నరు నియమిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 1958లో ఏర్పడిన మండలిని 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేయించింది. 2007లో మళ్లీ వచ్చింది. ఉండాలా వద్దా అన్న చర్చ ఇవాళ నాకు ముఖ్యం కాదు. ఉన్నంతకాలం ఎవరు ఓటేస్తున్నారు, ఆ ఓటు ఎలా వేయిస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

స్థానిక సంస్థల నియోజకవర్గమే మనకు ముఖ్యం. జిల్లాలు విడిపోయి కామారెడ్డి వేరయినా, మండలి లెక్కలో మనం ఇంకా నిజామాబాద్ స్థానిక సంస్థల నియోజకవర్గమే. ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు, నిజామాబాద్ కార్పొరేటర్లు, పురపాలక సంఘాల్లో హోదా రీత్యా సభ్యులైన కొందరు ఎమ్మెల్యేలు, ఎంపీలు ఇక్కడ ఓటర్లు. సర్పంచులకు, వార్డు సభ్యులకు ఓటు లేదు. పక్కనున్న కర్ణాటకలో గ్రామ పంచాయతీ సభ్యులకు కూడా ఉంది, ఇక్కడ లేదు. తెలంగాణలో స్థానిక సంస్థల స్థానాల్లో సగం స్త్రీలవి. అంటే చట్టం ప్రకారమే ఓటర్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లు ఉండి తీరాల్సిన ఎన్నిక ఇది. ఆ సగానికి తగిన బలం ఎక్కడైనా కనిపించిందా?

మన ఎంపీటీసీ పరిస్థితి మీకు తెలుసు. ఇక్కడే ఇద్దరు ముగ్గురు మాజీలున్నారు. ఊళ్లో సర్పంచుకు పంచాయతీ ఉంది, చెక్కుబుక్కుంది. ఎంపీటీసీకి ఆఫీసు లేదు, చేతిలో నిధి లేదు. సర్వసభ్య సమావేశంలో లేచి మాట్లాడితే రాసుకునేవాళ్లు ఉంటారు, చేసేవాళ్లు ఉండరు. గెలిచింది ఆమె అయితే ఎంపీటీసీ సాబ్ అని పిలిపించుకునేది ఆయన. మరి ఐదేళ్లలో ఆమె చేతిలో ఉండే అసలు అధికారం ఏమిటి? రెండు ఓట్లు. ఒకటి మండల పరిషత్తు అధ్యక్ష ఎన్నికలో, ఇంకొకటి ఈ మండలి ఎన్నికలో. మొదటిది అందరి ముందు చెయ్యెత్తి వేయాలి. దానికి పార్టీ విప్ ఉంటుంది, ధిక్కరిస్తే పదవి పోతుంది. రెండోది చాటున, ఒంటరిగా, కాగితం మీద వేస్తుంది. రాజ్యసభ ఎన్నికలో 2003 నుంచి బహిరంగ ఓటు పెట్టారు గానీ మండలి ఎన్నికల్లో ఓటు రహస్యంగానే మిగిలింది. ప్రతినిధిగా ఆమె బతుకులో భర్త, పార్టీ నాయకుడు, ఎమ్మెల్యే, ఎవరూ చూడకుండా చేయగల పని అదొక్కటే.

క్యాంపులు పుట్టిందీ అందుకే. ఓటు బహిరంగమైతే ఇన్ని రోజులు హోటళ్లలో దాచిపెట్టాల్సిన అవసరం ఏముంది? ఆమె ఏం చేస్తుందో తెలియదన్న భయమే ఆ బస్సులను, రిసార్టులను నడిపిస్తోంది. పోలింగుకు కొద్ది రోజుల ముందు తీసుకుపోతారు. భర్తో, కొడుకో, మరిదో తోడు వెళతాడు. ఫోన్లు తీసుకుంటారు, లేదా ఎవరితో మాట్లాడినా పక్కనే ఒకరు ఉంటారు. పోలింగు రోజు బస్సులో నేరుగా కేంద్రం దగ్గర దించుతారు. తోటి సభ్యురాలితో కూర్చుని ఈ అభ్యర్థి మన మండలానికి ఏం చేశాడు, ఏం చేస్తాడు అని మాట్లాడుకునే అవకాశం ఈ ఏర్పాటులో ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. క్యాంపును తిట్టిపోయడం మాలాంటి చదువుకున్నవాళ్లకు సులువు. క్యాంపుకు వెళ్లొచ్చిన స్త్రీలతో మాట్లాడినప్పుడు నాకు వినిపించిన మాట వేరు. వేరేవాళ్లు వండింది కూర్చుని తినడం పెళ్లయ్యాక అదే మొదటిసారని ఒకామె చెప్పింది. వారం రోజులు బీడీ ఆకు ముట్టుకోలేదని, వేళ్ల నొప్పులు తగ్గాయని ఇంకొకామె చెప్పింది. సముద్రం చూసినవాళ్లున్నారు. వాళ్ల సంతోషాన్ని నేను తప్పు పట్టను. అయితే ఆలోచించండి, ఒక ప్రజాప్రతినిధికి వారం రోజుల విశ్రాంతి దొరకాలంటే ఓటు తాకట్టు పెట్టాల్సి రావడం మన బతుకుల గురించి ఏం చెబుతోంది? ఇంకొక సంగతి కూడా ఉంది. భర్త చేతికి ఏం ముట్టిందో ఆమెకు తెలియదు. తెలిసినా లెక్క అడగలేదు. ఓటు ఆమెది, బేరం ఆయనది.

ఈ ఖర్చుకు చట్టంలో అడ్డు కూడా లేదు. లోక్‌సభ అభ్యర్థి మన రాష్ట్రంలో 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదని 2022లో పరిమితి పెట్టారు. శాసనమండలి అభ్యర్థికి అసలు పరిమితే లేదు. ఎంపీటీసీ స్త్రీలు డబ్బుకు అమ్ముడుపోతారని తేలిగ్గా మాట్లాడేవాళ్లను నేను ఇంకొకటి కూడా గుర్తు చేసుకోమంటాను. 2015లో ఓటుకు నోటు కేసు పుట్టింది మండలి ఎన్నిక సందర్భంలోనే. అందులో బేరం జరిగిందన్న ఆరోపణ ఎమ్మెల్యే ఓటు గురించి. చాట ముందు కూర్చున్న ఏ ఎంపీటీసీ గురించీ కాదు.

అసలు మన దగ్గర ఆ ఓటు పడిందే ఒక్కసారి. 2014 నుంచి 2025 దాకా చూడండి. 2015 డిసెంబరులో నిజామాబాద్ స్థానం ఏకగ్రీవం. గెలిచిన సభ్యుడిపై ఫిరాయింపు కింద 2019లో అనర్హత వేటు పడితే ఉప ఎన్నిక వచ్చింది. కరోనా వల్ల ఆలస్యమై 2020 అక్టోబరు 9న పోలింగ్ జరిగింది. 2021 డిసెంబరులో మళ్లీ ఏకగ్రీవం. ఆ నెలలో రాష్ట్రమంతటా పన్నెండు స్థానిక సంస్థల స్థానాలుంటే ఆరింటిలో పోలింగే లేదు. 2014లో గెలిచిన ఎంపీటీసీ స్త్రీ తన ఐదేళ్లూ ముగించుకుని ఇంటికి పోయింది, ఆ ఒక్క రహస్యపు ఓటు కూడా వేయకుండానే. ఏకగ్రీవం అంటే ఒకటే గొంతు అని అర్థం. ఆ గొంతు ఎవరిదో మనల్ని ఎవరూ అడగలేదు.

2020లో పోటీ చేసి గెలిచింది ఒక స్త్రీ, కల్వకుంట్ల కవిత. 2021లో ఏకగ్రీవంగా ఎన్నికైందీ ఆమే. 2025 సెప్టెంబరులో రాజీనామా ప్రకటించారు. మండలిలోకి స్త్రీలు రాకుండా లేరు. ఆకుల లలిత, సత్యవతి రాథోడ్, సురభి వాణీదేవి, విజయశాంతి వచ్చారు. వీరిలో సురభి వాణీదేవి పట్టభద్రుల ఓట్లతో గెలిచారు, మిగతా ముగ్గురూ ఎమ్మెల్యేల కోటాలో వచ్చారు. వాళ్ల సామర్థ్యం గురించి నాకు వేరే మాట లేదు. నేను అడిగేది ఓటరు వైపు నుంచి. సగం ఓట్లున్న ఎంపీటీసీ, కౌన్సిలర్ స్త్రీలు తమలో ఒకామెను నిలబెట్టాలని అనుకునే చోటు, సమయం ఎక్కడున్నాయి? పార్టీ పేరు ప్రకటిస్తుంది, మర్నాడు బస్సు వస్తుంది.

2023లో పార్లమెంటు చేసిన మహిళా రిజర్వేషన్ సవరణ గురించి మీరు చాలా విన్నారు. లోక్‌సభ, రాష్ట్ర శాసనసభలు, ఢిల్లీ శాసనసభల్లో మూడో వంతు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అని కూడా అందులోనే రాసుకున్నారు. రాజ్యసభను, శాసనమండళ్లను ఆ సవరణ ముట్టుకోలేదు. మన సంఘాలు కూడా ఆ రోజుల్లో ఈ సంగతి గట్టిగా అడిగినట్టు నాకు కనిపించలేదు. స్థానిక సంస్థల్లో సగం మనం, ఆ సంస్థలు ఎన్నుకునే 14 స్థానాల్లో మనకు కేటాయింపు సున్న. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి అడగాలి.

ఇక చదువురాని ఆడవాళ్లకు ఈ అంకెల ఓటు ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లున్నారు. ఈ ఎన్నికలో బటన్ నొక్కరు. అభ్యర్థి పేరు ఎదురుగా 1 అని, కావాలనుకుంటే తర్వాతి వాళ్లకు 2, 3 అని రాయాలి. టిక్కు పెడితే, సంతకం చేస్తే చెల్లదు. 2020లో నిజామాబాద్‌లో పడిన ఓట్లు 823. చెల్లనివి పది. 2025 ఫిబ్రవరి 27న మనమంతా చూసిన పట్టభద్రుల ఎన్నిక, మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ది, అందులో పడినవి 2,52,029. చెల్లనివి 28,686. వందకు పదకొండు పైనే! గెలిచిన అభ్యర్థికి, రెండో స్థానంలో ఉన్నాయనకు మధ్య తేడా ఐదు వేల చిల్లర మాత్రమే. క్యాంపుల్లో నమూనా కాగితాల మీద దిద్దిస్తారు కాబట్టే ఎంపీటీసీలు తప్పు చేయలేదని మీరనవచ్చు. నిజమే కావచ్చు. నేర్పితే వస్తుందనే కదా దానర్థం. ఆ నేర్పడం క్యాంపులో ఎందుకు, మన సంఘం సమావేశంలో ఎందుకు జరగకూడదు?

చదవలేని ఓటరుకు తోడు తీసుకుపోయే వెసులుబాటుంది. అది హక్కు, నిర్బంధం కాదు. ఆ తోడు రహస్యం కాపాడతానని రాసివ్వాలి, ఒకరికి మించి ఇంకెవరికీ తోడు పోకూడదు. ఆచరణలో ఆ తోడు ఎవరో చెప్పనక్కరలేదు. చదవడం వచ్చిన స్త్రీకి కూడా రాదని రాయించి భర్త లోపలికి రావాలని చూస్తే, ఆమె అధికారి ముందు నాకు వచ్చు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అన్నాక ఇంటికి ఎలా పోవాలన్నది మనం ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఆమె వెనక సంఘం ఉందని ఆ ఇంటికి తెలియాలి. వేసిన చీటీ బయటివాళ్లకు చూపిస్తే దాన్ని రద్దు చేయవచ్చన్న నిబంధన కూడా ఆమెకు రక్షణే. చూపించమని అడిగేవాడికి ఈ సంగతి చెప్పవచ్చు.

2024 జులైలో ఎంపీటీసీ, జెడ్పీటీసీల పదవీకాలం ముగిసింది. తర్వాతి వాళ్లు ఎప్పుడు గెలిచినా, గెలిచిన వారం లోపలే మనం ఆ స్త్రీలను కలవాలి. బస్సు వచ్చే ముందు రోజు కాదు.

పట్టభద్రుల సంగతి ముగిస్తాను. ఆ జాబితాలో 2025లో 3 లక్షల 55 వేల చిల్లర ఓటర్లుంటే స్త్రీలు సగానికి బాగా తక్కువ. మన ఆడపిల్లలు డిగ్రీలు చదవక కాదు. ఆ జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, అడిగి రాయించుకుంటేనే పేరు ఉంటుంది. కామారెడ్డిలో చదివిన పిల్ల పెళ్లయి సిద్దిపేట పోతుంది. సర్టిఫికెట్ పుట్టింట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది, దాని మీద తండ్రి ఇంటిపేరు. ఆధారు కార్డు మీద అత్తింటి పేరు. అభ్యర్థుల మనుషులు ఫారాలు పట్టుకుని కాలేజీలకు, ఆఫీసులకు, కోచింగ్ సెంటర్లకు పోతారు, వంటింటి దాకా రారు. ఉపాధ్యాయుల నియోజకవర్గంలోనూ ఇంతే. హైస్కూలు, ఆపై స్థాయి వాళ్లకే ఓటు. ఆడవాళ్లు ఎక్కువగా కనిపించే ప్రైమరీ బడులకు, అంగన్‌వాడీలకు లేదు.

డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండితే పట్టభద్రురాలిగా నమోదు కావచ్చు. 2025లో గెలిచినవాళ్ల గడువు 2031 మార్చి దాకా. మామూలుగా అయితే అర్హత లెక్క 2030 నవంబరు 1కి చూస్తారు. అంటే 2027 అక్టోబరు లోపల డిగ్రీ అందుకున్న ప్రతి ఆడపిల్లా ఆ జాబితాలో ఉండవచ్చు. ఫారం 18, డిగ్రీ సర్టిఫికెట్ నకలు, చిరునామా రుజువు ఉంటే సరిపోతుంది. ఇంటిపేరు మారినవాళ్ల పేర్లు ఇప్పుడే రాసుకుందాం. వాళ్లకు ఏ కాగితం అడ్డం వస్తుందో మండలాఫీసులో ముందుగా కనుక్కోవచ్చు. పుస్తకం అటు వైపు నుంచి మొదలుపెట్టి పంపండి.