పెద్దల చదువుకు ఒక చావడి: వట్టికోట ఆళ్వారుస్వామి స్మారకోపన్యాసం



ఆళ్వారుస్వామి పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఆయన నవలల కంటే ముందు ఆయన చదువుకున్న తీరే నాకు గుర్తుకొచ్చింది. 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టాడు. బడి చదువు దక్కలేదు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వండిపెడుతూ అక్షరాలు నేర్చాడు. హోటల్లో సర్వరుగా చేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చయిన పుస్తకాలను సంచిలో వేసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. వయసు మీరాక చదువేమిటి అనేవాళ్ళకు ఆయన బతుకే జవాబు. అందుకే ఈసారి పెద్దల చదువు గురించీ, ఆ చదువుకు ఇందూరు, అంటే మన నిజామాబాదు, ప్రాంతంలో దొరికిన చోట్ల గురించీ మాట్లాడదలచాను.

నిజాం రాజ్యంలో పదిమంది ఒకచోట కూర్చొని ఒకరి మాట వినడమే కష్టం. గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టరాదు. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. అందుకే మనవాళ్ళు గ్రంథాలయం తోవ పట్టారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. పేరుకు పుస్తకాల బీరువాలు, పత్రికలు పరిచిన బల్లలు. జరిగే పని మాత్రం ప్రజల పాఠశాలది. చదవడం వచ్చినవాళ్ళు చదివారు, రానివాళ్ళు విన్నారు. మన ఉపన్యాసశాలల చరిత్ర ఆ బల్లల దగ్గర మొదలైందని నా నమ్మకం.

ఇక మన ఊరికి వస్తే, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం 1937లో నిజామాబాదులో జరిగింది. అధ్యక్షుడు మందుముల నరసింగరావు, ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు. తెలుగువారి సభకు ఉర్దూ పత్రికా సంపాదకుడు అధ్యక్షత వహించడం మన ఊరి స్వభావానికి సరిగ్గా తగింది. ఇక్కడ బజారులో ఇప్పటికీ రెండు భాషలూ పక్కపక్కనే వినిపిస్తాయి. పెద్దల చదువు గురించి ఏ ఆలోచన చేసినా రెండింటికీ చోటుండాలి.

తరువాత చెప్పవలసింది మన ఊరి ఖిల్లా జైలు గురించి. 1948లో కవి దాశరథి కృష్ణమాచార్య, ఆళ్వారుస్వామి ఇక్కడే ఖైదీలు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద పద్యాలు రాసేవాడు. జైలువాళ్ళు చెరిపేసేవాళ్ళు. చెరిపేలోపే ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసేవాడు. దాశరథి తన కవితా సంపుటి ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు. ఈ కథ ఎప్పుడు చెప్పినా కవి ధైర్యం గురించే చెబుతారు. నాకు విన్నవాడు కూడా అంతే గొప్పగా కనిపిస్తాడు. కాగితం లేని చోట ఆయన జ్ఞాపకమే పుస్తకమైంది. సభలను అనుమతించని ప్రభుత్వం తన జైల్లోనే ఒక సభను కూర్చోబెట్టింది.

ఇక మన జిల్లాలోని బోధన్. మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్ళతో చెరుకు పెరిగింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోనే పెద్దదని పేరు. క్రషింగ్ నడిచే నెలల్లో కాటా ముందు చెరుకు బండ్లు బారులు తీరేవి. చదువు రాని రైతు కాటా చీటీ చేతిలో పట్టుకొని, అందులో ఎన్ని టన్నులు పడ్డాయో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలి. పెద్దల చదువు ఎందుకని అడిగేవారికి నేను ఆ చీటీనే చూపిస్తాను. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్ళింది, 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికులకు జీతాలతో పాటు షిఫ్టు దిగాక నలుగురూ కలిసి కూర్చొని మాట్లాడుకునే అలవాటు కూడా పోయింది. దాని లెక్క ఎవరూ కట్టలేదు.

చెరుకు పోయినా బీడీ ఉంది. మన జిల్లాలో ఏ వాడకు వెళ్ళినా గడప దగ్గర ఒక ఆడమనిషి, ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం. వేళ్ళు తమ పని తాము చేసుకుపోతుంటాయి. కళ్ళకు కాస్త పని, చెవులకు ఏ పనీ లేదు. 2011 జనగణనలో ఉమ్మడి నిజామాబాదు జిల్లా ఆడవాళ్ళ అక్షరాస్యత ఇంచుమించు సగం దగ్గరే ఆగింది. ఆ మిగిలిన సగంలో చాలామంది ఈ గడపల దగ్గరే ఉన్నారు.

ఇక్కడ ఒక దూరదేశపు సంగతి చెప్పాలి. క్యూబాలో చుట్టల ఫ్యాక్టరీల్లో 1865 నుంచి ఒక ఆచారం ఉంది. కార్మికులు చుట్టలు చుడుతుంటే ఒక చదువరి ఎత్తు పీట మీద కూర్చొని పత్రికలు, నవలలు పైకి చదువుతాడు. అతనికి జీతం యజమాని ఇవ్వలేదు, కార్మికులే తమ కూలీలోంచి చందా వేసుకొని ఇచ్చారు. మరుసటి ఏడే స్పెయిన్ పాలకులు దాన్ని నిషేధించారు. ఆచారం మాత్రం చావలేదు, ఈనాటికీ నడుస్తోంది. పొగాకు అదే, చేతి పనీ అలాంటిదే. అక్కడ చెవులను బడికి పంపారు, ఇక్కడ మనం పంపలేదు.

చెవులను పంపడానికి చోటు లేక కాదు. మన ఊళ్ళో సాహిత్య సభ అంటే బాపూజీ వచనాలయం గుర్తొస్తుంది. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. భవనాలు ఉన్నాయి, పన్ను ఉంది, పుస్తకాలు ఉన్నాయి. లేనిది పని ముగించుకొని వచ్చేవాళ్ళ వేళకు తెరిచి ఉండే తలుపు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో పఠనమందిరాలు నిండుతున్నాయి, సంతోషమే. వాళ్ళ తల్లులు కూడా రావాలి కదా!

గ్రంథాలయ సంస్థ పెద్దలకు, ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక సాయంత్రం, వాడకు ఒక చదువరి. తెలుగులోనో ఉర్దూలోనో గంటసేపు పైకి చదవండి. బీడీలు చేసే అక్కలు చాటలతోనే వస్తారు, రానివ్వండి. ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టండి.