పూలు కోసేది మనం, తోటెవరిది?

(కమలాపురంలో దళిత కూలీ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఒక మాట ఎక్కువగా వింటాండాం. వ్యవసాయ పర్యాటకమంట. పట్నమోళ్లు కార్లేసుకొని పల్లెకొస్తారంట. పూలతోటల్లో తిరిగి ఫోటోలు దిగుతారంట, సంగటి తింటారంట, దుడ్లిస్తారంట. మంచిదే. మనమూ దారి మీదనే ఉన్నాం. కడప నుంచి ఎర్రగుంట్ల మీదుగా గండికోటకు పోయే బండ్లు మన కమలాపురం దాటే పోవాల. ఆ గండికోటకు కేంద్రం 2024లో సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ వచ్చే దుడ్లలో మన పల్లె వాటా ఎంత? నా ప్రశ్న ఇదే.

పూల సంగతి మీకు నేను చెప్పాల్నా? కనకాంబరం పొద్దెక్కకముందే కోయాల. వేల పూలు కోస్తేగాని కిలో తూగదు. అది మిషను పని కాదు, మన చేతుల పని. అందుకే పది ఇరవై సెంట్లు ఉన్నోళ్లకూ పనికొచ్చే పంట ఇది. శెనక్కాయ మాదిరి ఏడాదికొకసారి కాకుండా వారం వారం చేతిలో ఇంత పడుతుంది. అయితే పువ్వు ఆగదు. పండగ రోజు దాని ధర బంగారం, మర్నాడు అదే పువ్వు పెంటదిబ్బ మీద. ఆగలేని సరుకు పట్టుకొని ఒక్కరే మండీకి పోతే దళారి చెప్పిందే ధర. పదిమంది కలిసి ఒకే బండిలో పోతే మాట వేరు. బంతి రెండు నెలలకే పూస్తుంది. వానాకాలం నాటిన చామంతి చలికాలానికి పూస్తుంది. ఎవరు ఎప్పుడు నాటాల్నో సంఘంగా కూర్చొని లెక్క వేసుకోవచ్చు.

ఇది అయ్యే పనేనా అంటారు కొందరు. తెలంగాణలో జహీరాబాద్ వైపు చూడండి. అక్కడి దళిత ఆడోళ్లు 1980ల నుంచి సంఘాలు కట్టి, బీళ్లు బాగుచేసి, భూమి కౌలుకు తీసుకొని ఉమ్మడిగా సేద్యం చేసినారు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడు నిలిచింది. వాళ్లవి పూలు కాదు. జొన్న, కొర్ర, పప్పులు. వాళ్లు జరిపే పాత పంటల జాతర చూసేదానికి ఎక్కడెక్కడి నుంచో జనమొస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వచ్చినోళ్లు దళిత ఆడోళ్ల చేనుగట్టు మీద నిలబడి, విత్తనమెట్లా దాచాలో అడిగి నేర్చుకున్నారు. పర్యాటకమంటే నేను దాన్నంటాను.

తోట ఆసామిదైతే ఏమైతాది? పూలు కోసేదానికి మన ఆడోళ్లు, ఎంగిలాకులు ఎత్తేదానికి మన ముసలోళ్లు, అతిథి దిగంగనే డప్పు కొట్టేదానికి మన పిల్లోళ్లు. వంటకాడ మాత్రం మన చెయ్యి పడగూడదు. డప్పు కావాల, మన కడవలో నీళ్లు వద్దు! ఇది వెట్టికి రంగు కాగితం చుట్టడం కాదా? 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువులో దోసిలి ముంచింది దాహానికే కాదు, మనిషినని చెప్పేదానికి.

మా అమ్మ కూలికి పూలు కోసింది. ఆమె కోసిన పూలు గుళ్లోకి పోయినాయి, ఆమె వాకిట్లోనే ఆగిపోయింది. పువ్వుకు లేని మైల, కోసిన చేతికెట్లా వచ్చింది?

అందుకే తోట కంటే ముందు భూమి. అసైన్డ్ భూమి కొన్నా అమ్మినా చెల్లదని 1977 చట్టం చెప్పింది. చెయ్యి మారిన భూమిని వెనక్కి తీసుకొని పేదోళ్లకు ఇప్పించే దారి కూడా అందులో ఉంది. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన పట్టాలకు ఆ కట్టు సడలించింది. అమ్ముకునే హక్కు వచ్చిందని సంబరపడొద్దు. పర్యాటకుడు వచ్చే దారిలో మొదట వచ్చేది భూమి కొనేవాడే. బోరుకూ డ్రిప్పుకూ 2013లో పోరాడి తెచ్చుకున్న ఉపప్రణాళిక చట్టాన్ని పట్టుకొని అడుగుదాం. ఇక వచ్చిన అతిథి మన వాకిట్లో కూర్చొని, మనం పోసిన నీళ్లు తాగి, మన సంగటి తినాల. ఈ షరతు మీద బేరం లేదు.

మాటలు చాలు. ఈ ఆదివారం ఒక్కొక్కరు ఇంట్లో పెట్టె దించండి. పట్టా ఎవరి పేరున ఉందో, భూమి ఎవరి చేతిలో ఉందో చూసుకొని రండి. అర్జీలు నేను రాస్తాను. సంతకాలు మాత్రం మీరే పెట్టాల. వేలిముద్ర వేసే అక్కలకు పేరు రాయడం ఈ రాత్రి నుంచే నేర్పిస్తా.

జై భీమ్.