పాత పెంకుటింటిని నిలబెట్టుకున్నాం

(వార్షిక మహాజన సభలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడు ఈ సభలో పొదుపు గురించి, వాయిదాల గురించి మాట్లాడాం. ఈ ఏడు ఇంటి గురించి చెప్పుకుంటాం. మా అప్పుల పుస్తకం తీసి చూస్తే పాడి గేదెల తర్వాత ఇంటి పనికే ఎక్కువ రాసి ఉంది. కానీ ఇంటికి తీసుకున్న డబ్బు ఇంట్లో ఎక్కడ పెట్టాం అని మేము ఎప్పుడూ అడగలేదు. వాయిదా కడితే చాలనుకున్నాం.

మేము పదిమందిమి. ఆరుగురివి అత్తమామల కాలం నాటి పెంకుటిళ్లు. మట్టి గోడలు, టేకు దూలం, తాటి వాసాలు, నాపరాళ్ల నేల. మధ్య గదిలో పట్టపగలు కూడా లైటు వెయ్యాలి. చుట్టూ స్లాబు ఇళ్లు లేచాక మన ఇల్లు మనకే చిన్నతనంగా ఉంటుంది. అది నిజమే, దాచుకునేది ఏమీ లేదు.

ముందు మేము చేసిన తప్పు చెప్పాలి. నాలుగేళ్ల క్రితం మా గ్రూపులో ఇద్దరం అప్పు తీసుకుని ముందు గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం, గులాబి రంగు వేయించాం. పండక్కి వచ్చిన చుట్టాలంతా బాగుందన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు పొక్కులు లేచింది, ప్లాస్టరింగ్ పలకలు పలకలుగా ఊడి, దానితో పాటు మట్టి కూడా వచ్చేసింది. మట్టి గోడ తేమ పీలుస్తుంది, మళ్లీ ఆరుతుంది. పైన సిమెంటు కప్పితే పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి గానీ బయటికి ఆరవు. ఈ సంగతి ఊరి ముసలి మేస్త్రీ తర్వాత చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మీరు అడగలేదు కదమ్మా అన్నాడు. వాయిదాలు మాత్రం పూర్తిగా కట్టాం.

ఇప్పుడు అసలు విషయం. మా అందరికంటే పెద్దదైన అక్క కొడుకుకి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లి, ఇల్లు చూస్తే పిల్లని ఇవ్వబుద్ధి కాలేదని మధ్యవర్తితో కబురు పెట్టారు. ఆ పిల్లవాడు వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. బావగారు ఇల్లు కూలగొట్టి స్లాబు వేద్దామన్నారు. లెక్క వేస్తే తొమ్మిది లక్షలు. ఉన్న అరెకరం అమ్మగా తక్కువ పడే మూడు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. అంటే వడ్డీయే నెలకు తొమ్మిది వేలు. రెండు గేదెల పాలమీద బతికే ఇల్లు అది.

అక్క మీటింగుకి వచ్చి ఏమీ చెప్పకుండా కూర్చుంది. మేమే అడిగి చెప్పించాం. మరుసటి రోజు పదిమందిమీ, ముసలి మేస్త్రీతో కలిసి వాళ్లింటికి వెళ్లాం. ఇల్లు ఎలా కనపడుతుందో చూడలేదు. ఈ ఇంట్లో ఎవరికి ఏది కష్టంగా ఉందో చెప్పండని అడిగాం. అక్క వంటగది పొగ, వంగి చేసే వంట అంది. వాళ్ల అత్తగారు రాత్రిపూట బయటికి వెళ్లడం అన్నారు. పిల్లవాడు కారే పైకప్పు అన్నాడు. ముందు గోడ అందంగా లేదని ఎవరూ అనలేదు.

ఆ కష్టాలను బట్టే పని చేయించాం. మొదట కప్పు. పెంకులన్నీ దించి, కడిగి, పగిలినవి తీసేశాం. చెదలు తిన్న వాసాలు, రీపర్లు మార్చాం. దూలం గట్టిగానే ఉంది. మధ్య గది మీద నాలుగు గాజు పెంకులు పెట్టించాం. ఇప్పుడు ఆ గదిలో పగలు బియ్యం ఏరుకోవచ్చు. చూరు అడుగున్నర ముందుకు పొడిగించి, గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా కాలవ తీయించాం. ఇదంతా 38,000.

తర్వాత ఇంటికి ఆనుకునే స్నానాల గది, మరుగుదొడ్డి, రెండు గుంతలతో. ఒక గుంత నిండితే రెండోదానికి మళ్లించుకోవచ్చు. బావికి దూరంగా తవ్వించాం. 34,000 అయింది. వంటగదిలో నిలబడి వండుకునే గట్టు, తొట్టి, పొగ పోయే దారి, నీళ్లు కూరపాదుల్లోకి వెళ్లే గొట్టం, 16,000. పాత కరెంటు వైర్లకు ఎర్తింగు లేదు, అవన్నీ మార్చడానికి 14,000. చివరగా గోడలకు మట్టి పూత, దానిమీద సున్నం, 11,000. నాపరాళ్లు తీయలేదు. టైల్స్ మీద అత్తగారు జారితే ఎవరు చూస్తారు?

మొత్తం 1,13,000 రూపాయలు. అక్క దగ్గర ఉన్నవి 23,000. గ్రూపు పొదుపు నుంచి 30,000, బ్యాంకు లింకేజీలో ఆమె వాటా 60,000. ఈ తొంభై వేలకు నూటికి రూపాయి వడ్డీ. నెలకు అసలు 2,500 చొప్పున మూడేళ్లలో తీరుతుంది. మొదటి నెల వడ్డీతో కలిపి 3,400 కట్టింది. అది నెలనెలా తగ్గుతోంది. ఇప్పటికి పదకొండు వాయిదాలు, ఒక్కటీ ఆగలేదు.

ఇంకొక మాట. అప్పు రాసేటప్పుడు ఇంటి పన్ను రసీదు అడిగితే, అది చనిపోయిన మామగారి పేరునే ఉంది. వాయిదా కట్టేది అక్క, ఇంటి కాగితంలో ఆమె పేరే లేదు. బావగారు మొదట, మా ఇంటి కాగితాలతో మీకేం పని అన్నారు. మేము గొడవ పడలేదు. అప్పు ఎవరి పేరున రాయాలో మీరే చెప్పండి అన్నాం. రెండు రోజులు ఆలోచించుకుని ఆయనే పంచాయతీ ఆఫీసుకి వెళ్లి, తన పేరుతో పాటు ఆమె పేరు కూడా ఎక్కించమని దరఖాస్తు ఇచ్చారు.

అన్నీ బాగున్నాయని చెప్పం. పెంకుటింటికి ఏటా వానల ముందు పెంకులు సర్దాలి. కోతుల బాధకు మా దగ్గర మందు లేదు, పెరట్లో వంద పెంకులు అదనంగా పేర్చి ఉంచుకున్నాం. గోడలు కుంగిపోయి, దూలం పుచ్చిపోయిన ఇల్లయితే కొత్తది కట్టుకోవాల్సిందే. మా గ్రూపులోనే ఒక ఇల్లు అలాంటిది, దానికి మరమ్మతు వద్దని మేమే చెప్పాం. పిల్లవాడి పెళ్లి కూడా ఇంకా కుదరలేదు. కానీ అరెకరం అక్కడే ఉంది. ఎనభై దాటిన అత్తగారు రాత్రి ఎవరినీ లేపకుండా తనే వెళ్లి వస్తున్నారు.

సమాఖ్యను మేము కోరేది మూడు విషయాలు. ఇంటి అప్పు ఇచ్చే ముందు ఇద్దరు సభ్యులు, ఒక మేస్త్రీ వెళ్లి ఇల్లు చూసి రావాలి. మట్టి పని, సున్నం పని తెలిసిన పాత మేస్త్రీల దగ్గర మన పిల్లలకు శిక్షణ ఇప్పించాలి. అప్పు తీర్చే ఆడమనిషి పేరు ఇంటి కాగితంలో ఉందా అని ప్రతి గ్రూపూ అడగాలి.

దారిన పోయేవాళ్లు ఇంటిని ఒక్క నిమిషం చూస్తారు. మనం రోజంతా అందులోనే ఉంటాం. కాబట్టి డబ్బు ముందు మన కష్టం ఉన్నచోట పెట్టుకుందాం, రంగులు తర్వాత వేసుకుందాం.