తాతయ్య బుగ్గ మీద గాటు: ఫొటో ఎడిటింగ్‌లో తెలియాల్సిన మాటలు

"అన్నా, పిక్సెల్ అంటే ఏంటి? లేయర్ ఎందుకు? మాస్క్ అంటే ఏంటి?" అని చాలామంది అడుగుతున్నారు. డెఫినిషన్లు చదివి వినిపిస్తే ఐదు నిమిషాల్లో మర్చిపోతారు. అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. దాంతోపాటే ఈ మాటలన్నీ గుర్తుండిపోతాయి.

మా తాతయ్య పోయినప్పుడు పెద్దకర్మ రోజుకి ఫొటో ఫ్రేమ్ కట్టించాలి. వెతికితే ఇంట్లో ఆయన సింగిల్ ఫొటో ఒక్కటీ లేదు. మామయ్య వాళ్ల అమ్మాయి పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటోలో మాత్రం చక్కగా నవ్వుతూ ఉన్నారు. మామయ్య దాన్ని మెసేజింగ్ యాప్‌లో పంపాడు. "నాకు ఎడిటింగ్ వచ్చుగా, నేను చూస్కుంటా" అన్నాను.

ముందు క్రాప్ చేశాను. క్రాప్ అంటే కావలసిన భాగం ఉంచి మిగతాది కత్తిరించడం. పెన్ డ్రైవ్‌లో వేసుకుని స్టూడియోకి వెళ్తే, ఆయన ఒక్కసారి చూసి "తమ్ముడూ, 12 బై 16 సైజు వేస్తే ఇది పగిలిపోద్ది" అన్నాడు.

ఎందుకు పగులుతుంది? ఇక్కడే పిక్సెల్ గురించి తెలియాలి. డిజిటల్ ఫొటో అంటే చిన్న చిన్న రంగు గళ్లతో కట్టిన గోడ. ఒక్కో గడి ఒక పిక్సెల్. మామయ్య ఫోన్‌లో ఉన్న ఫొటో 4000 బై 3000, అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెల్స్. అదే 12 మెగాపిక్సెల్. నా దగ్గరకి వచ్చేసరికి అది 1600 బై 1200 అయిపోయింది. త్వరగా వెళ్లడానికి యాప్ దాన్ని కుదించేసింది. అందులో తాతయ్య వరకు క్రాప్ చేస్తే మిగిలింది 360 బై 480. దాన్ని 12 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 30 పిక్సెల్సే వస్తాయి. ఈ లెక్కనే పీపీఐ అంటారు. చేతిలో పట్టుకుని చూసే ప్రింట్‌కి 300 ఉంటే బాగుంటుంది. గోడ మీద దూరం నుంచి చూసేదానికి 150 ఉన్నా సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ సైజ్ పెంచేస్తే సరిపోదా అంటారా? పెరుగుతుంది. కానీ లేని పిక్సెల్స్‌ని చుట్టుపక్కల రంగులు చూసి అది ఊహించి నింపుతుంది. కొత్త వివరం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

మామయ్యకి ఫోన్ చేసి "ఫొటోలాగా కాదు, డాక్యుమెంట్‌లాగా పంపు" అన్నాను. అసలు ఫైల్ వచ్చింది. అదే క్రాప్ ఇప్పుడు 900 బై 1200. 6 బై 8 అంగుళాలకి లెక్క వేస్తే సరిగ్గా 150 పీపీఐ. ఫ్రేమ్ చిన్నదైనా ఫొటో క్లియర్‌గా వస్తుంది.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరకి వద్దాం. మొహం బాగా రావాలని హీలింగ్ బ్రష్ తీసుకున్నాను. క్లోన్ స్టాంప్ అనే టూల్ ఒకచోటి పిక్సెల్స్‌ని ఉన్నవి ఉన్నట్టు ఇంకోచోట అతికిస్తుంది. హీలింగ్ బ్రష్ అలా అతికించి, చుట్టూ ఉన్న రంగుతో, వెలుగుతో కలిపేస్తుంది. అందుకే చర్మానికి హీలింగ్ బాగా పనిచేస్తుంది. మచ్చలు, ముడతలు అన్నీ తుడిచేసి, జేపెగ్‌గా అదే ఫైల్ మీద సేవ్ కొట్టేశాను.

అమ్మమ్మకి చూపించాను. చాలాసేపు చూసి "ఎవర్రా ఈయన?" అంది. నాకు గొంతులో మాట రాలేదు. "గాటేదిరా?" అని మళ్లీ అడిగింది. చిన్నప్పుడు చెట్టు మీంచి పడితే తాతయ్య ఎడమ బుగ్గ మీద గాటు పడింది. పెళ్లిచూపుల్లో అమ్మమ్మ మొదట చూసింది ఆ గాటేనంట. నేను దాన్ని మచ్చ అనుకుని తుడిచేశాను.

వెనక్కి తెద్దామంటే దారి లేదు. జేపెగ్‌లో లేయర్లు ఉండవు, అంతా ఒకే షీట్ అయిపోతుంది. పైగా ఎడిట్ చేసి సేవ్ కొట్టిన ప్రతిసారీ కొంచెం క్వాలిటీ పోతుంది. మామయ్య ఫోన్‌లో ఒరిజినల్ ఉండబట్టి బతికిపోయాను.

రెండోసారి పద్ధతిగా చేశాను. లేయర్ అంటే ఫొటో మీద పరిచిన పారదర్శకమైన గాజు పలక అనుకోండి. రాసేదంతా పలక మీదే, కింద ఫొటో చెక్కుచెదరదు. 1990లో వచ్చిన ఫొటోషాప్‌లో మొదట్లో లేయర్లు లేవు, 1994లో 3.0 వెర్షన్‌తో వచ్చాయి. ఖాళీ లేయర్ తీసుకుని, హీలింగ్ బ్రష్‌లో శాంపుల్ దగ్గర "కరెంట్ అండ్ బిలో" పెట్టండి. దుమ్ము మచ్చలు మాత్రమే తుడవండి.

మొహం కాస్త చీకటిగా ఉంటే లెవెల్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేశాను. అందులో కొండలాగా కనిపించే గ్రాఫే హిస్టోగ్రామ్. ఎడమవైపు నలుపు, కుడివైపు తెలుపు. కొండ కుడి అంచుకి అతుక్కుపోయిందంటే అక్కడి వివరం తెల్లగా కొట్టుకుపోయినట్టే. వెలుగు మొహానికే పడాలి, పంచెకి పడకూడదు కదా, దానికి మాస్క్. మాస్క్‌లో తెలుపు పూసినచోట లేయర్ కనిపిస్తుంది, నలుపు పూసినచోట దాక్కుంటుంది. ఏదీ చెరిగిపోదు, రంగు మార్చి పూస్తే తిరిగొస్తుంది.

చివర్లో రెండు ఫైళ్లు సేవ్ చేశాను. లేయర్లతో సహా ఉండే పీఎస్‌డీ నా దగ్గర దాచుకోవడానికి, జేపెగ్ ప్రింట్‌కి. బ్యాక్‌గ్రౌండ్ పారదర్శకంగా కావాలంటే పీఎన్‌జీ. ఫొటోషాప్ కొనక్కర్లేదు. కంప్యూటర్ ఉంటే గింప్ ఉచితం, దాని సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్. కంప్యూటర్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లోనే ఫొటోపీ తెరవండి, పీఎస్‌డీ ఫైల్ కూడా ఓపెన్ అవుతుంది.

ఈసారి అమ్మమ్మ ఫొటో తీసుకుని, ఆ గాటు మీద వేలు పెట్టి, "ఆఁ, ఈయనే" అంది.

మీకో చిన్న పని. ఇంట్లో పెద్దవాళ్ల ఫొటో ఒకటి ఒరిజినల్ ఫైల్‌గా తెప్పించుకోండి. ముందు కాపీ తీసి, కాపీ మీదే ఎడిట్ చేయండి. మొహం మీద ఏదైనా తుడిచేముందు మాత్రం ఇంట్లోవాళ్లని ఒక్కమాట అడగండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.