జఠరాగ్నియు, గ్యాసు గోలియు



రజతోత్సవ సభలో లెక్కలు వ్రాయువాడు కడుపును గూర్చి ముచ్చటించుట వింతగా తోచవచ్చును. కాని ఒకనాడు పల్లెలై నేడు నగరమున కలిసిన మన ఉప్పలు, నాచారములలో గ్యాసు గోలి ఎరుగని యిల్లు అరుదు. కర్మాగారములలో రాత్రిపాళి చేయువారు వేళ తప్పి భుజింతురు. గుండెలలో మంట పుట్టగనే మందుల దుకాణమునకు నడతురు.

ఈ బాధ క్రొత్తది కాదు. మాధవనిదానమున ఆమ్లపిత్తమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. క్రొత్తది మందు. సిమెటిడినును రూపొందించిన జేమ్సు బ్లాకు 1988లో నోబెలు బహుమతి నందెను. ఆ యేడే ఒమిప్రజోలు ఐరోపాలో వెలువడినది. మన హైదరాబాదులో 1984లో స్థాపితమైన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానినే ‘ఒమెజ్’ అను పేర అమ్మినది. ఒమిప్రజోలు, పాంటోప్రజోలు మొదలగునవి జఠరమున ఆమ్లమును స్రవింపజేయు ద్వారములనే మూయును.

మొదట జమ వ్రాయుదము. పూర్వము శస్త్రచికిత్స వలన గాని కుదరని పుండ్లు పెక్కు నేడు మాత్రలతో మానుచున్నవి. కీళ్లనొప్పులకు మందు వాడు వృద్ధుల జఠరమును ఇవి కాపాడును. అయితే పుండ్లలో అనేకములకు ఒక సూక్ష్మజీవి కారణమని మార్షల్, వారెన్ అను వైద్యులు కనుగొని 2005లో నోబెలు బహుమతి పొందిరి. అట్టి పుండునకు ఆమ్లము తగ్గించుట యొక్కటే చాలదు. క్రిమిని చంపు మందును వాడవలెను.

ఇక ఖర్చు. ఏండ్ల తరబడి వాడినచో బి12 విటమిను, మెగ్నీషియము తగ్గవచ్చును. ఎముకలు విరుగు భయమును గూర్చి అమెరికా ఔషధశాఖ 2010లో హెచ్చరించినది. క్యాన్సరు కలిగింపగల కల్మషము ఏర్పడుచున్నదని రానిటిడినును 2020లో ఆ దేశపు విపణినుండి తొలగింపజేసినది. చాలకాలము వాడి ఒక్కసారిగా మానినచో ఆమ్లము మునుపటికంటె పొంగును. అంతట రోగి ‘ఈ గోలి లేక బ్రతుకలేను’ అని భ్రమించును.

అన్నిటికంటె ప్రమాదము వేరొకటి. గుండెపోటును గ్యాసని తలచి గోలి మ్రింగి కూర్చుండుట ప్రాణాంతకము. ఛాతి బరువెక్కి చెమట పట్టినను, మలము నల్లబడినను, రక్తము వాంతియైనను, మ్రింగుట కష్టమైనను, కారణము లేక బక్కచిక్కినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

పద్దునకు కారణము, తేది, ముగింపు ఉండవలెను. గోలికిని అంతే. ‘ఎందులకు? ఎన్నాళ్లు? ఎట్లు మానవలెను?’ అని వైద్యుని అడుగుడు. చిరకాలము వాడవలసినవారును కలరు. వారు తమంతట మానరాదు. తక్కినవారు ముగింపు లేని పద్దును కడుపున మోయవలదని నా మనవి.