సంచి మోసినోడి లెక్క

గోల్ఫ్ పెద్దోళ్ల ఆట, మనకెందుకంటారా? లెక్కల మాస్టర్ని, ఊరుకోలేను, వినండి.

అమెరికాలో అగస్టా అనే ఊళ్లో 1934లో మాస్టర్స్ పోటీ మొదలైంది. గెలిచిన హార్టన్ స్మిత్‌కు 1,500 డాలర్లు ఇచ్చారు. 2025లో గెలిచిన రోరీ మెకిల్‌రాయ్‌కు 42 లక్షల డాలర్లు! 2,800 రెట్లు. ఈ తొంభై ఏళ్లలో అక్కడ సరుకుల ధరలు పెరిగింది సుమారు 24 రెట్లే. స్మిత్ డబ్బును ధరలతో పాటు పెంచుకుంటూ పోతే నేటికి 36 వేల డాలర్లు.

మరి కూలి? 1938లో కేంద్ర చట్టం పెట్టిన కనీస కూలి గంటకు పావు డాలరు. ఇప్పుడు ఏడుంపావు. 29 రెట్లు. అదీ 2009 నుంచి కదలనే లేదు. కూలి ధరల వెనక నడిచింది, బహుమతి టీవీ డబ్బు వెనక ఉరికింది.

ఆటగాడి కర్రల సంచి మోసేవాణ్ణి క్యాడీ అంటారు. 1982 దాకా మాస్టర్స్‌లో సంచులు మోసింది ఆ క్లబ్బు పెట్టుకున్న నల్లవాళ్లే. నల్లవాడు ఆటగాడిగా అక్కడ కర్ర పట్టింది మాత్రం 1975లో, లీ ఎల్డర్. ఎవరు మోయాలో, ఎవరు ఆడాలో పుట్టుకను బట్టి తేల్చడం మనకు కొత్తా?

1982లో గెలుపు సొమ్ము 64 వేలు. 1983 నుంచి ఆటగాళ్లు తమ క్యాడీలను తెచ్చుకోవచ్చన్నారు, పాతవాళ్లలో చాలామంది ఇంటికెళ్లారు. సొమ్ము లక్షలకెక్కింది ఆ తర్వాతే. ఇప్పుడు గెలిచినవాడు క్యాడీకి పదో వంతు ఇవ్వడం ఆనవాయితీ. 42 లక్షల్లో పదో వంతెంతో మీరే చెప్పండి.